పొయ్యి ముట్టించని ఆదివారాలు

మా ఓనరమ్మ పోయిందన్న కబురు నాకు ఆమె నెంబరు నుంచే వచ్చింది. వచ్చినా నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడం ఒక్కటే అయితే సరిపోయేది, నేను సంతోషపడ్డాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు. ఆమె గురించి మంచి మాటలు చెప్పేవాళ్ళు మదనపల్లెలో వీధికి పదిమంది ఉన్నారు. నాకు మాత్రం ఈ సిగ్గు దగ్గర మొదలుపెట్టకపోతే మిగతావి చెప్పడం చేతకాదు.

ఆదివారం పొద్దున ఆరు కూడా కాలేదు. కుప్పంలో నా గదిలో ముసుగుతన్ని పడుకుని ఉన్నాను. "మిద్దెమింద" అనే మా వాట్సాప్ గ్రూపులో ఓనరమ్మ పేరు మీద మెసేజి. "ఈ పొద్దు ఎవురూ పొయ్యి ముట్టించాకండి. బిరీన రండి." మదనపల్లెలో నేను అద్దెకున్న ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళుగా ఈ మాటకు ఒకటే అర్థం. ఈరోజు అందరికీ కలిపి మిద్దె మీద వంట, ఎవరి పోర్షన్లో వాళ్ళు వండుకోకండి, తొందరగా పైకి రండి అని. అప్పటికి మూడు ఆదివారాలుగా ఆమె పిలుస్తోంది, నేను పోవడం లేదు. నాలుగోసారి కూడా పిలిచిందంటే నా మీద కోపం లేదన్నమాట అనుకున్నాను. "వస్తాండా ఓనరమ్మా!" అని కొట్టి, పక్కన పళ్ళికిలించే బొమ్మలు మూడు పెట్టాను.

కుప్పం నుంచి మదనపల్లెకు మూడున్నర గంటల పైమాటే. వెంకటగిరికోట, పలమనేరు, పుంగనూరు దాటుకుని పోవాలి. ముందురోజు ఛార్జింగ్ పెట్టడం మరిచిపోయిన ఫోను కోట దాటకముందే ఆగిపోయింది. కిటికీ పక్కన కూర్చుని, ఆమె ఏమని తిడుతుందో, నేనేమని తప్పించుకోవాలో అంతా మనసులో ఆడుకుంటూ పోయాను. మదనపల్లె బస్టాండులో దిగి ఆమె కొప్పుకని నాలుగు మూరల మల్లెపూలు, అందరికీ అని అరకిలో మైసూర్‌పాకు కొన్నాను.

వీధి మలుపు తిరగ్గానే షామియానా కనిపించింది. మగవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పక్కింట్లో ఎవరో పోయినట్టున్నారు, ఓనరమ్మ వాళ్ళ దగ్గరే ఉండిపోయి ఉంటుంది, ఇక భోజనాలు మధ్యాహ్నం రెండు దాటినట్టే అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. నాకు ఆకలిగా ఉంది. దగ్గరికి పోయేకొద్దీ మనుషులు పక్కకు జరిగి నాకు దారి ఇస్తున్నారు. అలా దారి ఇస్తుంటే అప్పుడు అర్థమైంది.

వరండాలో అద్దాల పెట్టెలో పడుకుని ఉంది. కింది పోర్షన్లో ఉండే టైలరన్న భార్య, మేమందరం టైలరక్క అనే ఆవిడ, నా చేతిలో పూలు చూసి, "మంచి పని చేసినావు, ముత్తైదువు, పూలు సాలక అవస్థ పడతాండాము" అని అందుకుని ఆమె కొప్పులో పెట్టింది. నేను ఎందుకు తెచ్చానో చెప్పలేదు. మైసూర్‌పాకు డబ్బా ఉన్న సంచిని కాళ్ళతో కుర్చీ కిందికి తోసేశాను.

ఓనరాయన మాట తక్కువ మనిషి. ఆయన్ను నేను నాయనా అంటాను. నన్ను చూడగానే ఆయనే మొదలుపెట్టాడు. "ఆ యమ్మ ఫోనులో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాసుకొనె పాపా. పోయిండాది అనేదానికి నోరు రాలేదు. పొయ్యి ముట్టించాకండి అంటే అందరికీ తెలిసిపోతాది కదా అనుకొంటి." ఆయన అన్నదాంట్లో తప్పులేదు. చావు జరిగిన ఇంట్లో శవం లేచేదాకా పొయ్యి వెలిగించరు. మా సీమలో ఎవరినడిగినా ఆ మాటకు మొదటి అర్థం అదే. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకు ఏడుపులు వినబడ్డాయి కాబట్టి మెసేజితో పనిలేకపోయింది. ఆ గ్రూపులో దూరంగా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. మూడు రోజులు నేను ఫోను ముట్టలేదు. నాలుగో రోజు ఛార్జింగ్ పెట్టి తెరిచి చూస్తే, చావుకబురు కింద నా మూడు బొమ్మలు పళ్ళికిలిస్తూ ఉన్నాయి. అందరికీ కనబడకుండా తీసేసే గడువు కూడా దాటిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఆమెకు ఈ సంగతి తెలిస్తే పడీపడీ నవ్వేది. నవ్వేదని నాకు ఖాయంగా తెలుసు, ఎందుకంటే ఇదే పొరపాటు ఇంతకుముందు ఒకసారి తిరగేసి చేశాను.

మొదటినుంచి చెప్తాను. మా ఊరు కలికిరి దగ్గర. అమ్మ పోయాక మా అన్న వాళ్ళ ఇంటికి చుట్టంలా పోయిరావడమే తప్ప అక్కడ నాదంటూ ఏమీ మిగల్లేదు. పుంగనూరు రోడ్డులో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం దొరికింది. జనం దాన్ని జ్యూస్ ఫ్యాక్టరీ అంటారు. గుజ్జులో తీపెంత, పులుపెంత కొలవడం నా పని. మదనపల్లెలో ఒంటి ఆడదానికి ఇల్లు దొరకడం అంత సులువు కాదు. పెళ్ళయిందా, కాలేదా, ఎందుకు కాలేదు, ఇంటికి ఎవరెవరు వస్తారు అని నాలుగిళ్ళలో అడిగించుకుని, ఐదో ఇల్లుగా ఆమె గడప ఎక్కాను. అందరిలాగే ఆమె కూడా అడుగుతుందని పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. ఆమె అడిగింది ఒకటే.

"ఆదివారం ఏం జేస్తావమ్మా?"

"నిద్రపోతానాంటీ" అన్నాను.

"ఆంటీ గీంటీ అన్నావంటే ఇల్లియ్యను. ఓనరమ్మా అను. పేరుకన్నా పెత్తనముండాల కదా! అయినా ఆరు దినాలు పని, ఏడో దినం నిద్ర. మరి బతికేది యాపొద్దు?"

నవ్వేశాను. తాళం చెవి ఇచ్చేసింది.

నేను చేరింది సరిగ్గా తోతాపురి సీజన్ మొదట్లో. ఆ సీజన్ గురించి బయటివాళ్ళకు చెప్పినా నమ్మరు. రెండు నెలలు ఆదివారమూ లేదు, సోమవారమూ లేదు. గేటు బయట మామిడికాయ లారీలు మైలు పొడుగున నిలబడి ఉంటాయి. ఒళ్ళంతా, జుట్టంతా మామిడి వాసన. అన్నంలో కూడా అదే వాసన. సీజన్ అయిపోయిన మొదటి ఆదివారం పక్కమీద శవంలా పడున్నాను. తలుపు దబదబా మోగింది. తీస్తే చేతిలో సంగటి తెడ్డుతో ఓనరమ్మ.

"ఈ పొద్దు పొయ్యి ముట్టించాకు."

"అయ్యో, ఎవురు పోయినారు ఓనరమ్మా?" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, మెట్లమీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. తెడ్డు చేతిలోంచి జారి కిందికి దొర్లింది. "ఒరే, ఈ యమ్మి నన్ను సంపేస్తాది! కోడి పోయిండాదమ్మా, కోడి! పైన పులుసులో ఉడకతాండాది, వచ్చి పలకరించిపో!" అని అరిచింది. ఆ మాట ఆ రోజు నుంచి ఇంట్లో ఊతపదమైపోయింది. ఎవరు మిద్దె ఎక్కినా, "ఈ పొద్దు ఎవురు పోయినారు?" అని అడిగేవాళ్ళు. కోడి అనో, వేట అనో, ఏమీ లేని వారం "పాపం, వంకాయలు" అనో జవాబు.

నాలుగు పోర్షన్లు, ఒకటే పొయ్యి. అది ఆమె పట్టుదల. ఎవరి కూర వాళ్ళు వండుకుని గిన్నెతో పైకి తెస్తే ఒప్పుకునేది కాదు. "గిన్నెలు కలిస్తే ఏం లాభం, మనుషులు కలవల్ల" అనేది. కట్టెలపొయ్యి మీద సంగటి తానే కెలికేది. సంగటిలోకి ఊరిబిండి పచ్చడికి చెనక్కాయలు వేయించేది ఓనరాయన. నూరేది నేను. ఉల్లిపాయలు తరిగేది టైలరన్న, ఆయనకు కళ్ళనీళ్ళు రావని పేరు. రెండో అంతస్తులో ఉండే నర్సమ్మాయిలిద్దరూ డ్యూటీ దిగి వచ్చి, తినేసి, అక్కడే చాప మీద నిద్రపోయేవాళ్ళు. వాళ్ళను లేపనిచ్చేది కాదు.

ఒకటే నియమం. "ఆదివారం పొద్దు పనిమాట ఎత్తినోళ్ళు గిన్నెలు కడగల్ల." ఎనిమిదేళ్ళలో ఎక్కువసార్లు కడిగింది నేనే. మా మేనేజరు ఏమన్నాడో చెప్పకుండా నాకు ముద్ద దిగేది కాదు. నోరు తెరవడం ఆలస్యం, ఆమె మసిగుడ్డ నా మీదికి విసిరేది. "చెప్పు తల్లీ, బాగా చెప్పు. ఈ పొద్దు సట్టి బాగా మాడిపోయిండాది, తోమేదానికి మనిషి కావల్ల" అనేది. ఆమె మాత్రం మేము గిన్నెలు కడిగేటప్పుడు పక్కనే కూర్చుని, ఆ మేనేజరు సంగతి పూర్తిగా విని, వాణ్ణి నాలుగు తిట్టి గానీ లేచేది కాదు.

ఆమెను దేవతను చేయాలని నాకు లేదు. చేస్తే ఒప్పుకోదు కూడా. తలుపు తట్టకుండా గదిలోకి వచ్చేది. నా పెట్టెలో చీరలెన్నో నాకంటే ఆమెకే బాగా తెలుసు. మిద్దెమీద సుద్దముక్కతో పులిజూదం గీసి ఆడేటప్పుడు కళ్ళముందే దొంగాట ఆడేది. మేకను కొంగు కింద దాచేసి, "తినేసిండాది నా పులి, నువ్వు సూడలేదంతే" అని దబాయించేది. నాకు చెప్పకుండా ఒకసారి పెళ్ళిచూపులవాళ్ళను ఆదివారం భోజనానికి పిలిచింది. ఊరిబిండి నూరుతున్న చేతులతో, చెమటతో, పాత నైటీతో నేను వాళ్ళ కంట పడ్డాను. నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఐదో రోజు వచ్చి, "తప్పయిందమ్మా. అయినా ఆ పిల్లోడు సంగటి మింగేదానికి రాక నములుతాండాడు. అట్టాంటోడు మనకు యాలలే" అంది. తప్పు ఒప్పుకోవడం కూడా ఆమెకు అలాగే చాతనైంది.

ఎండ తగ్గాక అందరం టౌనులోకి బయల్దేరేవాళ్ళం. కొనేది ఏమీ ఉండదు. చల్లగాలికి మదనపల్లె బజారు వీధిలో పదిమంది నడుచుకుంటూ పోవడమే. ఆమె ముందు, మేము వెనక. తెలిసినవాళ్ళు ఎదురైతే ఆగడం, తెలియనివాళ్ళు ఎదురైతే తెలుసుకుని మరీ ఆగడం. బజ్జీల బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తీసుకుని, మూసేసిన ఏదో అంగడి మెట్ల మీద వరసగా కూర్చునేవాళ్ళం. పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ చూస్తూ ఆమె ఏదో ఒకటి అనేది. "ఆ యమ్మికి సీర బాగుండాది. ఆయప్ప యాల అంత కోపంగా నడస్తాండాడు, పెండ్లాం తిట్టిందేమో." అంతే. ఆ రెండు గంటల్లో ఏం జరిగిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. కానీ సోమవారం పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడినప్పుడు నా వెనక ఎవరో ఉన్నారన్నట్టు ఉండేది. అమ్మ పోయిన తర్వాత నాకు అలా అనిపించింది ఆ ఆదివారాల వల్లే.

ఇంత గోలచేసే మనిషి ఒంటరితనం గురించి ఒక్కసారే మాట్లాడింది. ఆమె పుట్టిల్లు పుంగనూరు పక్కన పల్లె. వాళ్ళ నాయన ఇంటినిండా పుంగనూరు పొట్టి ఆవులు. పద్దెనిమిదేళ్ళకు కాపురానికి మదనపల్లె వచ్చింది. ఓనరాయన అప్పట్లో సైకిల్ షాపు నడిపేవాడు, ఆదివారమే బేరం ఎక్కువ. "ఒక సంవత్సరం పొడుగునా ఆదివారమొస్తే గడపలో కూసోనేదాన్నమ్మా. వీధిలో అందురూ పోతాండారు, వస్తాండారు. ఒక్కరు గూడా ఏమ్మా అని అడగలే. మా ఇంట్లో ఆవునైనా పేరు పెట్టి పిలిస్తే తలెత్తి సూస్తాది. ఈడ నన్ను పిలిసేవోళ్ళే లేరు. దెబ్బకు బుద్ధొచ్చె. పిలిసేవోళ్ళ కోసం కూసోకూడదు, మనమే పిలవల్ల అని." ఆ రోజు మిద్దెమీద మేమిద్దరమే ఉన్నాం. చెప్పి, వెంటనే లేచి బట్టలు తీయడానికి పోయింది.

రెండేళ్ళ కిందట కంపెనీవాళ్ళు గుడుపల్లె దగ్గర కొత్త ఫ్యాక్టరీ పెట్టి, ల్యాబు మొత్తం నా చేతికిచ్చి కుప్పం పంపించారు. జీతం పెరిగింది, మాట వినేవాళ్ళు నలుగురు కిందికి వచ్చారు. పోయేరోజు ఆమె ఏడవలేదు. "వారం మార్చి వారం రావల్ల. రాకుంటే నేనే వస్తా" అంది బెదిరిస్తున్నట్టు. మొదట్లో అన్నమాట ప్రకారమే పోయాను. తర్వాత నెలకు ఒకసారైంది. తర్వాత పండగలకు.

కుప్పంలో నా గది బాగుంటుంది. గాలి, వెలుతురు, నీళ్ళు, ఏదీ తక్కువ లేదు. పక్క గదిలో ఎవరున్నారో మాత్రం తెలియదు. వాళ్ళ చెప్పులు తెలుసు. ఒంటరితనం ఎంత చెడ్డదంటే, మొదట్లో మనుషులు కావాలనిపిస్తుంది, కొన్నాళ్ళు పోయాక మనుషుల్లోకి పోవాలంటే చలికాలంలో చన్నీళ్ళు పోసుకోవాలన్నట్టు ఒళ్ళు వెనక్కి లాగుతుంది. పోసుకుంటే బాగుంటుందని తెలుసు. అయినా చెంబు పైకి లేవదు.

ఈ ఏడు సీజన్ నన్ను పిండేసింది. చివరి లారీ పోయి, మిషన్లు కడిగి, గేటుకు తాళం వేసిన తర్వాత మొదటి ఆదివారం ఆమె ఫోన్ చేసింది. "సీజన్ అయిపోయిండాల కదమ్మా. రా." నేను పక్క మీదే ఉన్నాను. లేచి, స్నానం చేసి, మూడున్నర గంటలు బస్సులో కూర్చుని, అంతమందిలో నవ్వాలి. ఆ తలపుకే నీరసం వచ్చింది. "ఇంకా కాయ వస్తాండాది ఓనరమ్మా, డ్యూటీ ఉండాది" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! ఆ రోజంతా ఫోను చూస్తూ పడుకున్నాను. రెండో ఆదివారం కూడా చేసింది, అదే చెప్పాను. మూడో ఆదివారం మళ్ళీ చేసింది. "ఈ వారమన్నా తీరిందా?" అంది. "లేదు ఓనరమ్మా, ఇంకా వస్తాండాది కాయ" అన్నాను. "సరేమ్మా. యాళకు తిను" అంది. ఆమె గొంతు నేను విన్నది అదే ఆఖరు. ఆ శనివారం నిద్రలోనే గుండె ఆగిపోయింది.

నన్ను ఎనిమిదేళ్ళు పేరు పెట్టి పిలిచిన మనిషికి నేను ఇచ్చిన చివరి మాట అబద్ధం. ఇది ఎవరికి చెప్పుకోవాలి?

పదకొండో రోజు కర్మకు పోయాను. మధ్యాహ్నానికి పుంగనూరు చుట్టాలంతా వెళ్ళిపోయారు. మిద్దెమీద కూర్చుని గిన్నెలు కడుగుతున్నాను. ఓనరాయన వచ్చి పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇక పట్టలేకపోయాను.

"నాయనా, ఆ మూడు వారాలూ నాకు డ్యూటీ లేదు. రూములోనే ఉండా. ఆ యమ్మకు అబద్ధం చెప్పినా."

"తెలుసులే పాపా."

"మీకెట్ట తెలుసు?"

"నాకేంది, ఆ యమ్మకు గూడా తెలుసు." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "రెండో ఆదివారం మేము కుప్పం వచ్చింటిమి కదా."

చేతిలో గిన్నె కింద పెట్టేశాను.

"పాప రాలేకుంటే మనమే పోదాం పద అనింది. నీకు ఫోన్ జేసినంక పది నిమిషాలు గూడా నిలవలేదు. కోడి పులుసు, సంగటి, కారియర్ నిండా కట్టుకొనింది. కుప్పంలో దిగి ఆటోలో నీ ఫ్యాక్టరీ కాడికి పోతిమి. గేటుకు తాళం. ఎదురంగడాయన చెప్పె, సీజన్ అయిపోయి పది దినాలాయె, ఆదివారం ఎవురూ రారు అని. నేను నీకు ఫోన్ జేద్దామని తీసినా. నా చేతిలోంచి పెరుక్కొనింది."

"యాల నాయనా? చేసింటే వచ్చేస్తా కదా!"

"చెయ్యాకు అనింది. 'చేస్తే పాప అబద్ధం చెప్పిండాదని మనకు తెలిసినట్టు ఆ యమ్మికి తెలిసిపోతాది. సిగ్గుపడి ఇంక మన గడప తొక్కదు. మనం తెలీనట్టే ఉంటే యాపొద్దో ఒకపొద్దు వస్తాది' అనె. వచ్చిన సంగతి నీకు సచ్చినా చెప్పగూడదని నా దగ్గర ఒట్టేయించుకొనింది. ఇప్పుడు ఇంక ఒట్టుకేముండాది."

మూడో ఆదివారం ఫోన్ చేసింది అన్నీ తెలిసే. గొంతులో ఇంత తేడా కూడా చూపించలేదు. పులిజూదంలో మేకను దాచుకోవడానికి నానా తంటాలు పడే మనిషి, ఇంత పెద్ద సంగతి ఎలా దాచిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"ఆ ప్రయాణం వల్లేమైనా..." అన్నాను.

"థూ, అట్టనుకోవాకు. గుండెకు బస్సుతో ఏం పని? వచ్చేటప్పుడు నవ్వుతానే వచ్చింది. కుప్పం బస్టాండులో కారియర్ ఇప్పి, ఆడున్నోళ్ళకంతా పెట్టింది. పుంగనూరు దాకా అదే కత."

ఆ బస్టాండుకూ నా గదికీ పన్నెండు నిమిషాల నడక.

కుప్పం తిరిగొచ్చాక వచ్చిన ఆదివారం పొద్దున్నే లేచాను. స్నానం చేసి బస్టాండుకు నడిచాను. ప్లాట్‌ఫారం చివర ఒక టీ అంగడి ఉంది. యాభై ఏళ్ళామె, అరవమూ తెలుగూ కలిపి మాట్లాడుతుంది. రెండేళ్ళుగా ఆమె ముందు నుంచే ఫ్యాక్టరీ బస్సెక్కుతున్నాను, ఎప్పుడూ మాట్లాడలేదు. టీ తీసుకుని, నెల కిందట ఒక ఆదివారం ముసలి దంపతులు కారియర్‌తో వచ్చారా అని అడిగాను.

"గట్టిగా మాట్లాడతాదే, ఆ యమ్మా?" అంది వెంటనే.

"ఆమే."

"మరిసిపోతామా? బస్సు దొరకలేదా, ఈడ యాల కూసున్నారని అడిగితిని. అంతే, కారియర్ ఇప్పేసె. నాకు, ఆ పండ్లు అమ్మే యమ్మికి, బస్సు కోసం నిలబడినోళ్ళకి, అందురికీ సాపాటు. యాలమ్మా ఇంత తెచ్చినావు అంటిని. 'మా పాప ఈడ పెద్ద ఫ్యాక్టరీలో ఉండాది. ల్యాబంతా దాని కిందనే. ఆదివారం గూడా తీరిక ఇయ్యరు, అంత పని. దాని బదులు మీరన్నా తినండి' అనె. ఎంత పొగరుగా చెప్పిందో!" అని నవ్వింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వేనా మా, ఆ పాపవి?"

తలూపాను.

"ఇప్పుడు తీరికైందా?"

"అయిందక్కా."

"మళ్ళా వస్తాననింది ఆ యమ్మ. యాపొద్దు వస్తాది?"

ఒంట్లో బాగలేదనో, ఊరికి పోయిందనో చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆ అలవాటు అంత తొందరగా పోదు. టీ గ్లాసు కింద పెట్టాను.

"రాదక్కా. పోయింది" అన్నాను. ఎవరి ముందైనా ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. అన్నాక ఏడుపు ఆగలేదు. బస్టాండులో అంతమంది ముందు, పెద్దదాన్ని, వెక్కివెక్కి ఏడ్చాను.

ఆమె అంగడి దిగి వచ్చి నా పక్కన నిలబడింది. పండ్లమ్మే ఆమె కూడా బుట్ట వదిలి వచ్చింది. "అయ్యో, ఆ సేతి కూడు తింటిమే" అంది. వెంకటగిరికోట బస్సు వచ్చి, నిండి, పోయింది.

"ఆ యమ్మ పేరేంది మా?" అంది టీ అంగడామె.

ఓనరమ్మా అనడమే తప్ప ఎనిమిదేళ్ళలో ఆ పేరు నేనెప్పుడూ పలకలేదు. చెప్పాను. ఆమె ఆ పేరును ఒకసారి తనలో తాను అనుకుని, బల్లమీద కూర్చుని, కొంచెం జరిగి నాకు చోటిచ్చింది.